ఆయకట్టు లేని చెరువు

దిల్‌సుఖ్‌నగరుకు దక్షిణమునను, ఎల్.బి.నగరు చౌరస్తాకు పడమటను ఉన్న సరూర్‌నగర్ చెరువు, నెక్లెస్ రోడ్డున జలవిహారమును, రావిర్యాల కడ వండర్‌లాయును వెలయుటకు ఎన్నో తరములకు పూర్వమే, నగరమునకు తూర్పున నివసించు జనులకు టికెట్టు లేని జలక్రీడాస్థలమై యుండెను. దానికి ద్వారము లేదు, తాళము లేదు. అందుచేత ఫలానా దినమున మూతపడినదని పత్రికలలో ప్రకటన వెలువడలేదు. అయినను అది మూతపడినది. ఈ కాలనీలలో నేడు పెరుగుచున్న పిల్లలలో ఆ నీటిలో ఈత నేర్చినవాడు నాకు కానరాడు. ఎందువలన మూతపడినదని అడిగినచో, ఒకరు వినాయక నిమజ్జనమును, ఒకరు కబ్జాదారులను, ఒకరు అధికారుల యుపేక్షను కారణముగా చెప్పుదురు. ఇవన్నియు నిజములే. కాని వీటికన్నిటికిని వెనుక మరియొక కారణము కలదనియు, దానిని ఇచ్చట ఇండ్లు కట్టుకొన్న మేమందరము కలసి కల్పించితిమనియు, చిరకాలముగా ఈ కట్ట చాయలనే నివసించుచున్న నాకు తోచుచున్నది.

ఈ చెరువు 1626లో నిర్మింపబడెను. గోలకొండలో ముహమ్మద్ కుతుబ్‌షా మరణించి అబ్దుల్లా కుతుబ్‌షా సింహాసనమెక్కిన సంవత్సరమది. విస్తీర్ణము 99 ఎకరములు. తెలంగాణమున చెరువులు ఒంటరిగా పుట్టలేదు. పై చెరువు మత్తడి దూకిన నీరు కింది చెరువునకు చేరునట్లు, గొలుసుకట్టుగా పుట్టినవి. మీర్‌పేట, జిల్లెలగూడల వైపు చెరువులలో మిగిలిన నీరు పల్లమునకు దిగి ఈ చెరువును నింపెడిది. ఇది నిండిన మీదట దీని మిగులు కాలువ వెంట మూసీనదిని చేరెడిది. కట్ట నడుమ తూము, తూమునకు దిగువన ఆ నీటితో పండు పొలములు, అనగా ఆయకట్టు. ఏ మడికి ఏ పూట నీరు విడువవలెనో చూచుటకు ఊరూర నీరటి యనువాడొకడుండి, తూము తెరచుట, మూయుట, కట్టకు బుంగ పడినచో పదిమందిని కేకవేయుట తన కులవృత్తిగా నెరవేర్చుచుండెను. వర్షాకాలమునకు ముందు ఆయకట్టు రైతులు పూడిక తీసి ఆ ఒండ్రుమట్టిని తమ పొలములకే తోలుకొనెడివారు. బెస్తలకు చేపలు, రజకులకు రేవు, పశువులకు తావు. ఇట్లు పదిమంది జీవనము ఆ నీటిపై ఆధారపడి యుండుటచే, పదునొకండవవాడు దానిని పాడుచేయ సాహసింపలేదు. వేసవి సెలవులలో పిల్లలు వీపునకు బెండ్లు కట్టుకొని, పెద్దవాడెవడో గడ్డము క్రింద చేయి యానించి పట్టగా, కాళ్లు టపటప కొట్టుచు ఈత నేర్చుట ఆ జీవనవ్యవస్థకు అనుబంధముగా లభించిన సుఖము. నీటిని శుభ్రముగా నుంచినది పిల్లల ఈత కొరకు కాదు. పొలము కొరకును, చేప కొరకును శుభ్రముగా నుంచిరి గనుక పిల్లలకు ఈత దక్కినది.

1956లో హైదరాబాదు ఆంధ్రప్రదేశమునకు రాజధాని యయ్యెను. ఆ సంవత్సరము వరకును ఈ చెరువు నిర్మలముగా నుండెనని చెప్పుదురు. విజయవాడ రోడ్డును, నాగార్జునసాగర్ రోడ్డును వచ్చి కలియు ఎల్.బి.నగరు చౌరస్తా తూర్పు జిల్లాలకు రాజధాని గుమ్మమైనది. నల్లగొండ, ఖమ్మము, కృష్ణా, గుంటూరు జిల్లాల నుండి ఉద్యోగమునకో, చదువునకో, వ్యాపారమునకో బస్సెక్కి వచ్చినవారు బస్సు దిగిన చోటనే ఇల్లు వెదకుకొనిరి. వరిమళ్లు లేఅవుట్లుగా మారినవి, లేఅవుట్లు కాలనీలైనవి. గడ్డిఅన్నారము, ఎల్.బి.నగరు వేరువేరు మునిసిపాలిటీలై, 2007లో తక్కిన పది మునిసిపాలిటీలతోబాటు మహానగరపాలక సంస్థలో కలిసిపోయినవి. ఈ వృద్ధిని నేను నిందింపజాలను. దానివలననే మాబోటి సహస్రాధిక కుటుంబములకు నిలువనీడ కలిగినది. అయితే ఈ మార్పులో ఒక చిన్న సంగతి ఎవరికిని పట్టలేదు. చెరువు దిగువ పొలములు ఇండ్లైన వెనుక, తూము తెరచుటకు ఎవ్వరికిని అవసరము లేకపోయినది. తూముతో పనిలేని చోట నీరటికి పని లేదు. నీరటి లేని కట్టకు దిక్కు లేదు. ఆయకట్టు పోయిన దినముననే చెరువు అనాథ యైనది. తక్కిన అనర్థములన్నియు అనాథకు పట్టు దుర్గతి వంటివే.

కబ్జాదారు చెరువు నీరు నిలుచు శిఖము భూమిలోనికి అడుగుపెట్టినపుడు, అది మా నీరని అడ్డుపడు రైతు లేడు. 99 ఎకరములలో సుమారు 25 ఎకరములు ఆక్రమణల పాలైనవి. అంతకంటె ఘోరమైనది నీటి సంగతి. ఒకప్పుడు ఈ వైపు జనులు బావినీరు త్రాగెడివారు. 2004లో కృష్ణా మొదటి దశ పూర్తియై, నూరు కిలోమీటర్లకు పైబడిన దూరము నుండి గొట్టములలో నదీజలము సాహెబ్‌నగర్ రిజర్వాయరునకు చేరి, అచ్చటినుండి మా నల్లాలలోనికి వచ్చెను. ఆ దినమున మేమెంతో సంతసించితిమి, సంతసింపవలసినదే. కాని ఇంటిలోనికి వచ్చిన నీరు ఇంటిలో నిలువదుగదా. స్నానమునకు, బట్టలకు, పాయిఖానాకు వాడబడి, బయటకు పోవుటకు దారి వెదకును. ఇంటింటికి నల్లా వేసిన వేగముతో మురుగుగొట్టములు వేయలేదు; వేసిన చోటను శుద్ధికేంద్రము వరకు అవి సాగలేదు. పూర్వము వాననీటిని చెరువునకు చేర్చిన వాగులే నాలాలై, ఎగువ కాలనీల మురుగును చెరువునకు చేర్చినవి. గొలుసుకట్టు తెగిపోలేదు, పై చెరువు నుండి కింది చెరువునకు నీటికి బదులు మురుగును దించుచు యథాప్రకారము పనిచేయుచునేయున్నది. మురుగులోని పోషకములను త్రాగి గుర్రపుడెక్క అల్లుకొనును. దాని క్రింద వెలుతురు చొరదు, ప్రాణవాయువు నశించును, చేపలు వెల్లకిల తేలును. యంత్రములతో గుర్రపుడెక్కను ఎంత తీసినను, నాలా నోరు తెరచియున్నంత కాలము అది మరల పెరుగకమానదు.

2003-04లో హైదరాబాదు నగరాభివృద్ధి సంస్థ ఈ చెరువును బాగుచేసినది. ఆ పని వ్యర్థమైనదని నేననను. పదేండ్లుగా ఇటు తొంగిచూడని వలసపక్షులు మరల వచ్చి వ్రాలినవి. కట్ట మీద ప్రాతఃకాలమున నడచువారికి ఆహ్లాదము కలిగినది. అయితే ఒడ్డున నడచుటకును నీటిలో దిగుటకును ఎంతో యంతరము కలదు. ఒడ్డు అలంకరింపబడినది; నీటిలోనికి వచ్చు మురుగు ఆగలేదు.

ఈ యంతరము కండ్లకు కట్టునది సద్దుల బతుకమ్మ సాయంకాలమున. తంగేడు, గునుగు పూవులతో నిలువెత్తు పేర్చిన బతుకమ్మలను తలపై నెత్తుకొని స్త్రీలు కట్టకు వత్తురు. పూర్వము మోకాలిలోతు నీటిలో దిగి, బతుకమ్మను చేతులతో మెల్లగా నీటిపై వదలి, దోసిట నీరు చల్లి సాగనంపెడివారు. ఇప్పుడు మెట్టు మీదనే వంగి, చీరె కుచ్చెళ్లు ఒక చేత పట్టుకొని, రెండవ చేత తాంబాళమును వంచి, ముక్కు మీదికి కొంగు లాగుకొందురు. వెంట వచ్చిన పిల్ల ముందునకు జరిగినచో, "బిడ్డా, ఆ నీళ్లల్ల కాలు పెట్టకు" అని తల్లి రెక్క పట్టి వెనుకకు లాగును. నీటిని పూజించుటకు వచ్చి నీటిని తాకుటకు వెరచు ఈ స్థితి నాకు మిక్కిలి దుఃఖము కలిగించును. ఇక వినాయక నిమజ్జనము సంగతి. క్రేనులతో దించబడు ప్లాస్టర్ ఆఫ్ పారిస్ విగ్రహములును, రసాయనపు రంగులును చెరువునకు హానికరములే. మట్టి విగ్రహములను వాడవలెనను హితవు నాకును సమ్మతమే. కాని నిమజ్జనము సంవత్సరమునకు కొన్ని దినముల పని. మురుగు మూడువందల యరువదియైదు దినముల పని. పండుగనే దోషిగా నిలబెట్టుట వలన మన స్నానాగారముల దోషము మరుగునపడుచున్నది.

చెరువు మూతపడిన పిమ్మట, ఇచ్చటి పిల్లలు నీటియాటల కొరకు డబ్బు చెల్లించి దూరము పోసాగిరి. 2007లో నెక్లెస్ రోడ్డున పన్నెండున్నర యెకరములలో జలవిహారమును, 2016లో వెలుపలి వలయ రహదారి చెంత రావిర్యాలలో వండర్‌లాయును తెరవబడినవి. ఇట్టి చోట్ల నీటిని వడపోసి, క్లోరిను కలిపి వాడుదురు; గట్టున రక్షకుడు ఈల పట్టుకొని నిలుచును. ఇంత శ్రద్ధ ఏల యనగా, నీరు కంపుకొట్టిన మరునాడు టికెట్టు అమ్ముడుపోదు. అనగా ఆ నీటి మీద ఒకరి జీవనము ఆధారపడియున్నది. సరూర్‌నగర్ చెరువున రైతు, బెస్త, రజకుడు కలసి నిర్వహించిన కాపలానే అచ్చట యజమాని నిర్వహించుచున్నాడు. భేదమేమనగా, అచ్చటికి కూలివాని బిడ్డ పోజాలడు.

2020 అక్టోబరు 13వ తేదీ రాత్రి నగరముపై కుండపోతగా వాన కురిసెను; బేగంపేటలో ఒక దినమునకు 19 సెంటీమీటర్లకు పైగా నమోదైనది. సరూర్‌నగర్ చెరువు నిండి పొర్లి, దిగువ కోదండరాంనగరు, సీసలబస్తీ మొదలగు చోట్ల ఇండ్లలోనికి చొచ్చుకొనివచ్చెను. సంపులలో త్రాగునీటితో మురుగు కలిసెను; బియ్యపుబస్తాలు నానిపోయెను; నీరు తీసిన వెనుక ప్రతి గోడ మీదను నడుమెత్తున నల్లని ఒండ్రు గీత నిలిచెను. ఆ ఇండ్లవారిని తప్పుపట్టు మాటలు వింటిని. అది న్యాయము కాదు. వారిలో పలువురు పెన్షను డబ్బుతో ప్లాటు కొనినవారు. మునిసిపాలిటీకి పన్ను కట్టినవారు. అంతకుముందు ఆ పల్లమున నీటికి ఒక మార్గముండెనని వారికి ఎవ్వరును చెప్పలేదు. ఆ వరదల పిమ్మట ప్రభుత్వము నాలాల విస్తరణకు ప్రత్యేక కార్యక్రమమును చేపట్టినది, మంచిదే. కాని నాలా ఎంత వెడల్పైనను, అందులో పారునది మురుగే యైనచో, వరద తగ్గునేమో గాని చెరువు తేరుకొనదు.

నేను కోరునది కట్ట మీద మరియొక రంగులదీపముల వరుస కాదు. చెరువులోనికి మురుగు దిగు నోళ్లను ముందుగా మూసి, దానిని గొట్టములలో శుద్ధికేంద్రమునకు మళ్లింపవలెను. శుద్ధియైన నీటికి కొత్త ఆయకట్టు నేర్పరచవలెను: ఎల్.బి.నగరు నుండి మలక్‌పేట వరకు రహదారి నడుమ పెంచు మొక్కలు, కాలనీల పార్కులు, ఎడతెగక సాగుచున్న ఇండ్ల నిర్మాణములు నేడు బోరునీటిని, ట్యాంకరు నీటిని త్రాగుచున్నవి. ఆ యవసరము ఈ చెరువు మీద పడినపుడు, నీరు తగ్గినను, చెడినను అడుగువారు పుట్టుదురు. చేపల పెంపకమును బెస్తల సంఘమునకప్పగించి, నీటిపరీక్షల ఫలితములను నెలనెల కట్ట మీద బోర్డున వ్రాసి పెట్టవలెను. తూము తెరచి మూయుటకు జీతము గల మనుష్యుని నొకనిని నియమింపవలెను. అతనిని నీరటి యనియే పిలువవచ్చును.