వాల్తేరు ప్రయోగశాలలు

నలుగురు పెన్షనర్లు చేరితే ఆంధ్ర విశ్వవిద్యాలయం ఎన్ని పరిశోధనా పత్రాలు వెలువరించిందన్న వాదన రాకమానదు. ఆ లెక్కకన్నా ఆ పరిశోధన ఎక్కడ మొదలైందన్నదే ముఖ్యమని నా అభిప్రాయం.

1926లో బెజవాడలో ఆరంభమైన విశ్వవిద్యాలయం 1930లో వాల్తేరు చేరింది. సైన్సు కళాశాలకు జయపురం మహారాజా విక్రమదేవవర్మగారి దానం అండ. 1933లో వచ్చిన టి.ఆర్. శేషాద్రిగారు మన పత్తిపూల రంగులోని రసాయనాలను శోధించారు. భౌతికశాస్త్రంలో సూరి భగవంతంగారు, రంగధామరావుగారు ఉద్దండులు. 1942 ఏప్రిల్‌లో విశాఖపై జపాను బాంబులు పడ్డాక అంతా గుంటూరుకు తరలవలసి వచ్చింది.

భూగర్భశాస్త్రం సి. మహదేవన్‌గారిది. మన పెందుర్తి, సింహాచలం కొండల ఖోండలైటు రాయే ఆ శాఖకు పాఠ్యగ్రంథం. ఎదుట సముద్రం ఉండనే ఉంది. 1952లో అమెరికా నుంచి యూజీన్ లాఫాండ్‌గారు రాగా, విద్యార్థులు నౌకాదళం ఓడలెక్కి లోతులోతున నీటి వేడిమి, ఉప్పదనం కొలిచారు. వేసవి వచ్చే వేళకు అడుగునీరు తీరం దగ్గర పైకి లేచి, చేపల మేతకు కావలసిన పోషకాలను తెస్తుందని తేలింది. జాలర్లకు చేపల రాక తెలుసు. కారణం వీరు చెప్పారు. ఆ ఫలితాలను 1954, 1958లో విశ్వవిద్యాలయమే సంపుటాలుగా అచ్చువేసింది. నీటి సీసాలు దించి లాగిన ఓడ సిబ్బంది, వాటిని కడిగి భద్రపరచిన లాబ్ అటెండర్లు మాత్రం ఏ పత్రాల లెక్కలోకీ రారు.

తరువాత 1960లలో తూర్పుతీరం దగ్గర సముద్రగర్భంలో గుర్తించిన మూడు లోయలకు లాఫాండ్‌గారు ఆంధ్ర, మహదేవన్, కృష్ణ అని పేర్లు పెట్టారు.