డోర్నకల్ బిషప్పు అడిగిన స్నేహితులు



డోర్నకల్ అంటే మనలో చాలామందికి రైలు జంక్షన్ గుర్తొస్తుంది. కెథడ్రల్ చూసినవారికి గుమ్మటాలూ, చెక్కిన స్తంభాలూ గుర్తొస్తాయి. గుడిలా, మసీదులా, చర్చిలా ఒకేసారి కనిపించే ఆ ఆలయం 1939 జనవరి 6న ప్రతిష్ఠ అయింది. దాన్ని కట్టించిన బిషప్ వి.ఎస్. అజరయ్య గారు తెలుగువారు కారు. 1874లో తిరునెల్వేలి వైపు ఒక పల్లెలో, గ్రామ పాస్టరు ఇంట పుట్టారు. చదువుకునే వయసులోనే తండ్రి పోతే తల్లి పెంచింది. 1909లో మిషనరీగా డోర్నకల్ వచ్చి, తెలుగు నేర్చుకుని, 1912 డిసెంబర్ 29న కలకత్తాలో ఆంగ్లికన్ సంఘానికి మొదటి భారతీయ బిషప్పుగా అభిషేకం పొందారు. 1945 జనవరి 1న డోర్నకల్‌లోనే కన్నుమూశారు.

ఇవన్నీ సండే స్కూల్లో చెప్పేవే. ఈసారి మేము రాయదలచింది ఆయన ఎడిన్‌బరోలో చేసిన ఒక ప్రసంగం గురించి.

1910 జూన్‌లో అక్కడ ప్రపంచ మిషనరీ మహాసభ జరిగింది. వచ్చినవారిలో అత్యధికులు యూరప్, అమెరికా వారు. మనలాంటి దేశాల నుంచి వెళ్లినవారిని వేళ్ల మీద లెక్కపెట్టవచ్చు. అప్పటికి అజరయ్య గారికి ముప్పై అయిదేళ్లు. మిషనరీలు మా ఇళ్లకు రారు, మమ్మల్ని తమ ఇళ్లకు పిలవరు, మాతో కలిసి భోంచేయరు అని ఆయన వారి ఎదుటే చెప్పారు. మొదటి కొరింథీ పత్రిక 13వ అధ్యాయాన్ని చేతపట్టుకుని, మీరు ఆస్తినీ ఇచ్చారు, ప్రాణాన్నీ ఇచ్చారు, ప్రేమ కూడా ఇవ్వండి, మాకు స్నేహితులు కావాలి అన్న అర్థంలో ముగించారు. సభలో కొందరు నొచ్చుకున్నారు. నొచ్చుకోక ఏం చేస్తారు? అన్నం పెట్టిన చేతినే, పక్కన కూర్చుని తిను అని అడిగితే ఎవరికైనా కష్టంగానే ఉంటుంది.

ఆయన ఆ రోజు అనాథల గురించి మాట్లాడలేదు. కానీ బాలసదనాల్లో, హాస్టళ్లలో పెరిగి పద్దెనిమిదేళ్లకు బయటికి వస్తున్న పిల్లలను చూసినప్పుడల్లా మాకు ఆ ప్రసంగమే గుర్తొస్తుంది.

పూర్వం మన మిషన్ బోర్డింగులు ఎలా ఉండేవో పెద్దలను అడగండి. సౌకర్యాలు తక్కువ, బెత్తం ఎక్కువ. డోర్నకల్ బోర్డింగులో పిల్లలు చదువుతోపాటు పొలం పని కూడా చేసేవారు. అదంతా మంచిదేనని మేము అనము. ఒక్కటి మాత్రం ఉండేది. పిల్లవాణ్ణి బడికి పంపింది ఊరి పాస్టరే, చదువయ్యాక ఉపదేశిగానో పంతులుగానో పని చూపింది ఆ డయాసిస్సే, పెండ్లి చేసిందీ ఆ సంఘమే. అమ్మానాన్న లేని పిల్లవాడికి కూడా జ్ఞాన తల్లిదండ్రులు అనే పేరుతో ఎవరో ఒకరుండేవారు. బోర్డింగు నుంచి బయటికొచ్చినా చుట్టూ తెలిసిన మొహాలే.

తర్వాత ఆ అల్లిక పలచబడింది. ఉద్యోగాలు ఉప్పల్‌కూ కూకట్‌పల్లికీ పోయాయి. దూరదేశాల స్పాన్సర్లు వచ్చారు. నెలకింత డబ్బు, ఏడాదికి ఒక ఫొటో, క్రిస్మస్‌కు ఒక ఉత్తరం. మేము వారిని తక్కువ చేయడం లేదు, ఆ డబ్బుతో చదివినవారు మన సంఘాల్లోనే ఉన్నారు. అయినా ఆ ఉత్తరం రాసిన చేతిని పిల్లవాడు ఎన్నడూ పట్టుకోలేదు. వయసు దాటగానే ఉత్తరమూ ఆగింది.

ఇప్పుడు ప్రభుత్వం వైపు చూద్దాం. 2015 బాలల న్యాయ చట్టం ప్రకారం పద్దెనిమిది నిండి సంరక్షణ గృహం విడిచేవారికి ఇరవై ఒకటి వరకు ఆఫ్టర్‌కేర్ సాయం అందించవచ్చు. ఇవ్వవచ్చు అన్నారు, ఇవ్వాలి అనలేదు. మిషన్ వాత్సల్య కింద అది నెలకు 4,000 రూపాయలు. పదేళ్ల లోపే తల్లిదండ్రులను పోగొట్టుకుని, చూసే దిక్కులేక, ప్రభుత్వ లేదా గుర్తింపు పొందిన ఆశ్రమాల్లో చేరిన పిల్లలను మన రాష్ట్రంలో బీసీ-ఏ జాబితాలో చేర్చారు. 2016 అక్టోబర్‌లో జనగామ, మహబూబాబాద్, భూపాలపల్లి వేరే జిల్లాలయ్యాయి కాబట్టి బాలల సంరక్షణ అధికారి కోసం ప్రతిసారీ వరంగల్ పోవలసిన పని కూడా లేదు. ఇవన్నీ మేలే, తెలియనివారికి చెప్పండి.

అయితే ఇరవై ఏళ్ల అమ్మాయికి జ్వరం వచ్చి ఆస్పత్రిలో చేరితే అటెండెంట్ ఎవరు? పెండ్లిచూపులకు ఎవరింట్లో కూర్చోవాలి? తొలి కాన్పుకు పుట్టిల్లు ఏది? అత్తింట్లో మాట పడ్డప్పుడు, మా పిల్లనేమన్నారు అని వచ్చి అడిగే మనిషి ఎవరు? మగపిల్లవాడి సంగతి మరొకటి. దసరాకు, క్రిస్మస్‌కు రూములో తోటివారంతా ఊళ్లకు పోతే వాడొక్కడే తాళం దగ్గర మిగులుతాడు. నెలకు నాలుగు వేలు వీటికి జవాబు కాదు.

ఎస్తేరు గ్రంథం తీయండి. మొర్దెకై తల్లిదండ్రులు లేని హదస్సాను పెంచాడు. ఆ సంగతి అందరమూ చెబుతాము. రెండవ అధ్యాయం 11వ వచనం దగ్గర మాత్రం ఆగము. ఆమె పెరిగి రాజగృహానికి వెళ్లిపోయాక, ఆమె ఎలా ఉందో తెలుసుకోవడానికి అతడు ప్రతిదినమూ అంతఃపురపు ఆవరణం ముందు తిరుగుతూనే ఉన్నాడు. పెంచే బాధ్యత అప్పటికే తీరింది. లోపలికి పోయే వీలు లేదు. అయినా తిరిగాడు.

బ్రిస్టల్‌లో 1836లో అనాథ గృహం తెరిచిన జార్జ్ ముల్లర్ గారి ప్రార్థనలు మనకు కంఠస్థం. ఆయన పెద్దపిల్లలను ఊరికే గేటు బయట వదల్లేదని కూడా చెప్పుకోవాలి. మగపిల్లలను డబ్బు కట్టి మరీ పనివారి దగ్గర శిష్యులుగా పెట్టేవారు, ఆడపిల్లలకు ఇళ్లలో పని చూసి పంపేవారు. అలా వెళ్లినవారు ఏళ్ల తర్వాత రాసిన ఉత్తరాలను ఆయన తన నివేదికల్లో అచ్చు వేశారు. ఉత్తరం రాయడానికి వారికి ఒక మనిషి ఉన్నాడన్నమాట.

మన సంఘంలో ఎవరికైనా ఈ భారం కలిగితే కొన్ని సంగతులు తెలియాలి. పద్దెనిమిది లోపు పిల్లలను, ఎంత ప్రేమతోనైనా, నేరుగా ఇంటికి తెచ్చుకోకూడదు. బాలల సంక్షేమ సమితి అనుమతి కావాలి. ఫోస్టర్ కేర్‌కు దరఖాస్తు జిల్లా బాలల సంరక్షణ విభాగంలోనే. 2024 మార్గదర్శకాల తర్వాత పెండ్లికానివారూ, భర్త లేదా భార్య లేనివారూ అర్హులే. ఆపదలో ఉన్న పిల్లల కోసం 1098.

పద్దెనిమిది దాటిన వారిని ఆదివారం భోజనానికి పిలవడానికి మాత్రం ఏ దరఖాస్తూ లేదు. ఒక కుటుంబం ఒకరినే తీసుకోండి, అయిదుగురిని వద్దు. వారి ఫోన్ నంబరు మీ దగ్గర, మీది వారి దగ్గర ఉండాలి. మొదటి మూడు నెలలు వారు ఫోన్ ఎత్తకపోవచ్చు. అయినా చేస్తూ ఉండండి.