పట్టా లేని చదువునకు పద్దు

ఉగాది సంచికకు చరిత్ర విషయమేదైన వ్రాయుడని మన సంఘమువారు కోరినపుడు, 1537 ప్రాంతమున కెంపేగౌడ ప్రభువు వేయించిన పేట వీధులను గూర్చి వ్రాయదలచితిమి. చిక్కపేటలో కాపురముండి చిక్కపేటను గూర్చి వ్రాయుటకంటె సులభమేమున్నది! కాని అంతలో మా యింట జరిగిన ఒక చిన్న సంగతి మా కలమును వేరు దారి పట్టించినది.

మా రెండవ కోడలు ధర్మవరపు పిల్ల. ఇంటర్మీడియట్ పాసైన యేడే పెండ్లియై ఇచ్చటికి వచ్చినది. పండ్రెండేండ్లుగా మా పట్టుచీరల దుకాణపు లెక్కలన్నియు ఆమెవే. సరకు బిల్లులు, మగ్గములవారి చెల్లింపులు, బాకీల వసూలు, ఆడిటరుగారికి సాలాఖరు లెక్క అప్పగించుట, అన్నియు ఆమె చేతిమీదుగానే జరుగును. 2017 జూలైలో జి.ఎస్.టి. వచ్చినపుడు వీధిలోని పెద్దలు తలలు పట్టుకొని కూర్చుండగా, ఆమె మా యిరుగుపొరుగు దుకాణములవారికి సయితము దారి చూపినది. ఇపుడు పిల్లలు కొంచెము పెద్దవారైరి గనుక బి.కాం. చదువుదునన్నది. సంతోషించితిమి. దరఖాస్తుతోబాటు, తాను ఇన్నేండ్లు చేసిన పనికి జమాఖర్చుల పేపరులో మినహాయింపుగాని, కొన్ని క్రెడిట్లుగాని ఇప్పించుడని ఒక అర్జీ పెట్టినది. ఆ విద్యాసంస్థ పేరు ఇచ్చట వ్రాయము. "మామగారి దుకాణములో పనిచేసినట్లు మామగారే ఇచ్చిన ఉత్తరము ప్రమాణము కానేరదు" అని వారి జవాబు.

మాకు కోపము వచ్చినమాట నిజము. ఆ రాత్రి ఆలోచించి చూడగా, వారి మాటలో కొంత న్యాయము లేకపోలేదనియు తోచినది. అయితే మన పూర్వులు ఈ చిక్కును ఎట్లు దాటిరి? బడి వెలుపల నేర్చిన విద్యను బడి లోపల చెల్లించుకొన్న వారెవరైన కలరా? ఈ వ్యాసము ఆ వెదకులాట.

వీధితోనే మొదలు పెట్టుదము. హిందూపురము, ధర్మవరము, కోలారు వైపులనుండి మన పిల్లలు చిక్కపేట కొట్లకు గుమాస్తాలుగా వచ్చిన కాలమును పెద్దలు నేటికిని చెప్పుదురు. మొదట కొట్టు ఊడ్చుట, చీరల మడత, తరువాత చిట్టా వ్రాత, ఆపైన ఆవర్జా. పోగు కాల్చి వాసన చూచి పట్టో కాదో చెప్పవలెను. తెలుగున బేరము విని, కన్నడమున బదులు చెప్పి, అరవమున సరకు తెప్పింపవలెను. నాటి లెక్క పైసతో సరిపోలనిచో రాత్రి భోజనము లేదన్నమాటే. ఈ చదువునకు పట్టా ఒక్కటే: "ఫలాని కొట్టులో అయిదేండ్లు చేసినాడు" అను మాట. ఆ మాటకు పేటలో పూర్తి చెల్లుబడి ఉండెను. పేట దాటినచో చిల్లిగవ్వ విలువ లేదు. మా కోడలికి జరిగినదియు ఇదియే.

విశ్వవిద్యాలయముల చరిత్ర చూడగా ఈ గోడ మొదటినుండియు కలదు. గోడకు ద్వారములును అపుడపుడు తెరువబడినవి. మద్రాసు విశ్వవిద్యాలయము 1857లో ఏర్పడెను. ఆ మరుసటి యేడే, అనగా 1858లో, లండను విశ్వవిద్యాలయము తన క్రొత్త శాసనము ననుసరించి, కళాశాలలో కూర్చుండి చదువనివారికిని పరీక్ష వ్రాసి పట్టా పొందు వీలు కల్పించినది. ఎచ్చట చదివితివి, ఎవరివద్ద చదివితివి అని అడుగక, ఏమి తెలియును అని మాత్రమే అడుగుట అది. మన దేశమున "ప్రైవేటుగా చదివినాడు" అను మాట వెనుక నున్నది ఈ భావమే.

ఆ దారిన నడిచిన మనవారిలో అగ్రగణ్యులు గిడుగు రామమూర్తి పంతులుగారు. 1879లో మెట్రిక్యులేషన్ ముగించి, మరుసటి యేట పర్లాకిమిడిలో ఉపాధ్యాయులై, కొలువు చేయుచునే ప్రైవేటుగా చదివి, 1896లో బి.ఏ. పాసైరి. బడిలో పాఠము చెప్పుచు ఇంటిలో తాము విద్యార్థిగా ఉండుట! ఆ తరువాతి వారి కృషి, సవర భాషకై వారు పడిన శ్రమ, వ్యావహారిక భాషోద్యమము, లోకవిదితములు. ఆంధ్ర విశ్వకళాపరిషత్తు వారికి కళాప్రపూర్ణ బిరుదమిచ్చినది 1938లో. 1940 జనవరిలో వారు గతించిరి. గౌరవ పట్టాలతో వచ్చిన చిక్కే ఇది. అవి జీవితాంతమున వచ్చును. ఉద్యోగమునకుగాని పై చదువునకుగాని అక్కరకు రావు. మన పొరుగున ముళబాగిలులో పుట్టి, మెట్రిక్యులేషన్ దాటలేక, బెంగుళూరులో పత్రికారచనతో జీవించి కన్నడ సాహిత్యమునకు పెద్దదిక్కైన డి.వి. గుండప్పగారికి మైసూరు విశ్వవిద్యాలయము డాక్టరేటు నిచ్చినది 1961లో. అప్పటికి వారికి డెబ్బది దాటినది. ఇచ్చినవారిని మెచ్చుకొందుము. కాని పందొమ్మిదవ యేట ఇచ్చెడి మెట్టు వేరు, డెబ్బదవ యేట కప్పెడి శాలువ వేరు.

పందొమ్మిదవ యేట మెట్టు దొరికినవారు ఒకరున్నారు. వారి కథ మాకు మిక్కిలి ఇష్టము. రాళ్లపల్లి అనంతకృష్ణశర్మగారు 1893లో అనంతపురము జిల్లాలో పుట్టిరి. చిన్ననాడే మైసూరు చేరి పరకాల మఠమున సంస్కృతము చదివిరి. ఇంగ్లీషు కళాశాల మెట్లెక్కి వచ్చినవారు కారు. అప్పుడు మహారాజా కళాశాలలో ఆచార్యులుగానున్న కట్టమంచి రామలింగారెడ్డిగారు వారి పాండిత్యమును గుర్తించిరి. 1912లో శర్మగారు ఆ కళాశాలలోనే తెలుగు పండితులైరి. 1949 వరకు అచ్చటనే పాఠము చెప్పిరి. తరువాత తిరుపతిలో అన్నమాచార్యుల సంకీర్తనలకు వారు చేసిన సేవ ఎల్లరు ఎరిగినదే. కేంబ్రిడ్జిలో చదివివచ్చిన రెడ్డిగారు మఠములో చదివిన చదువును చదువుగానే లెక్కించిరి. అయినను ఒక మాట చెప్పక తప్పదు. ఇది ఒక గొప్పవాని కంటిచూపుపై జరిగిన మేలు. ఆ కన్ను లేని కళాశాలల వాకిట అంతటి పాండిత్యముగలవారెందరు నిలిచి తిరిగిపోయిరో!

కంటిచూపును నమ్ముకొనక నియమమును నమ్ముకొన్నచో ఎట్లుండునో పుట్టపర్తి నారాయణాచార్యులుగారి కథ చెప్పును. పిన్నవయసున వారు వ్రాసిన 'పెనుగొండ లక్ష్మి' కావ్యము, వారు విద్వాన్ పరీక్షకు కూర్చున్ననాడు అదే పరీక్షకు పాఠ్యగ్రంథముగా ఉండెను. తన గ్రంథముపై వేసిన ప్రశ్నకు తానే పరీక్షార్థియై జవాబు వ్రాసెను. వ్రాసినవాడే కదా, ఆ పేపరు మినహాయింతమని చెప్పు సూత్రము ఏ పుస్తకమునను లేదు. నవ్వుదమా, ఏడ్చుదమా?

ఇచ్చట పాఠకులు ఒక భేదము గమనింపవలెను. తరగతిలో కూర్చుండనక్కరలేదనుట ఒకటి. వెనుకటి పరీక్ష పాసు కాకున్నను లోనికి రమ్మనుట మరియొకటి. నీకు ఇదివరకే తెలిసినదానిని మరల చదువనక్కరలేదు, దానికి మార్కు వేసితిమి, మిగిలినది చదువుమనుట మూడవది. మొదటి రెండింటిని మన దేశము మెల్లగా ఒప్పుకొన్నది. మూడవదే కష్టము. మా కోడలు అడిగినది ఆ మూడవదానినే.

లోనికి రమ్మనుటలో మాత్రము తెలుగువారు దేశమునకే ముందు నడిచిరి. భారతదేశమున మొదటి సార్వత్రిక విశ్వవిద్యాలయము 1982 ఆగస్టులో ఆంధ్రప్రదేశ్ సార్వత్రిక విశ్వవిద్యాలయమను పేర వెలసినది. దాని ప్రథమోపాధ్యక్షులు జి. రాంరెడ్డిగారు, 1985లో ఢిల్లీయందు ఇందిరాగాంధీ విశ్వవిద్యాలయము స్థాపించినపుడు మొదటి ఉపాధ్యక్షులుగా వారినే పిలిచిరి. మనవారి విశ్వవిద్యాలయమునకు 1991లో డాక్టరు అంబేద్కరుగారి పేరు పెట్టిరి. పదునెనిమిదేండ్లు నిండినవారు, ఏ పరీక్షయు పాసు కాకున్నను, ఒక అర్హత పరీక్ష వ్రాసి డిగ్రీలో చేరు దారి అది తెరచినది. ఎందరు గృహిణులు, ఎందరు చిన్న ఉద్యోగులు ఆ దారిన పోయిరో! కన్నడదేశమున మైసూరు విశ్వవిద్యాలయము 1969లో పోస్టుద్వారా పాఠములు మొదలిడగా, 1996లో అది ప్రత్యేక సార్వత్రిక విశ్వవిద్యాలయమైనది.

బెంగుళూరు తెలుగువారికి ఇంకొక దారియు ఉండెను. 1940లో విమాన కర్మాగారము, 1948లో టెలిఫోను కర్మాగారము, తరువాత హెచ్.ఎం.టి., బి.ఇ.ఎల్. వచ్చినవి. వానిలో మనవారు చాలమంది చేరిరి. డిప్లొమాతో చేరినవారు పగలు యంత్రమువద్ద నిలిచి, రాత్రి ఇన్‌స్టిట్యూషన్ ఆఫ్ ఇంజనీర్సువారి ఎ.ఎం.ఐ.ఇ. పరీక్షకు చదివెడివారు. 1920లో ఏర్పడిన ఆ సంస్థ పరీక్షలు రెండు భాగములు పాసైనచో ఇంజనీరింగు డిగ్రీతో సమానముగ ప్రభుత్వము ఎంచెడిది. మన అవెన్యూ రోడ్డు పాతపుస్తకముల కొట్లలో పెన్సిలు గీతలతో నిండిన ఆ పరీక్షల పుస్తకములు మేమే చూచితిమి. 2013 మే నెలాఖరు వరకు చేరినవారికి మాత్రమే ఆ సమానత్వము నిలిచినది. మూసిన కారణము లేమైనను, ఆ ద్వారము మూసినందుకు మేము చింతింతుము. డిప్లొమావారికి ఇంజనీరింగు రెండవ సంవత్సరమున నేరుగా ప్రవేశమిచ్చు పద్ధతి కలదు. వెనుకటి చదువునకు పద్దు వేయుట అనగా అదే, అందు కష్టమేమున్నది? చదువునకు చదువు మారకము. పనికి చదువు మారకమన్నపుడే అందరును తడబడుదురు.

సైన్యమువారికి సర్కారు చేసిన యేర్పాటు చూడుడు. మెట్రిక్యులేషనుతో చేరి పదునైదేండ్లు కొలువు చేసిన మాజీ సైనికుని, పట్టభద్రులను కోరు కొన్ని దిగువశ్రేణి ఉద్యోగములకు అర్హునిగా 1986లో ఒప్పుకొనిరి. ఉద్యోగమునకు పట్టభద్రుడే, చదువునకు మాత్రము కాడు! ఫ్రాన్సు దేశము ఇంకను ముందుకు పోయినది. ఇంజనీరుగా పనిచేసినవాడు ఏ పాఠశాల గడపయు తొక్కకున్నను ఇంజనీరు పట్టాకు పరీక్షింపబడు చట్టము 1934లోనే చేసిరి. 2002 నాటి చట్టముతో పనివారి అనుభవమును పరీక్షాసంఘము విచారించి పూర్తి పట్టాను సయితము ఇయ్యవచ్చును. వ్రాసిన నివేదిక, చూపిన పని, ఎదుట కూర్చుండి చెప్పిన జవాబులు, ఇవి అచ్చట ప్రమాణములు. మామగారి ఉత్తరము అచ్చటను చాలదు.

మన దేశమునను కాగితముమీద దారి పడినది. 2021 జూలైలో క్రెడిట్ల బ్యాంకు నియమములు వచ్చినవి. విద్యార్థి సంపాదించిన క్రెడిట్లు అందు జమపడును. ఏడేండ్లకు మించి చెల్లవు. వడ్డీ లేకపోగా అసలే పోవు బ్యాంకు ఇదొక్కటే అని వ్యాపారస్థులము నవ్వుకొంటిమి. 2023 ఏప్రిలులో జాతీయ క్రెడిట్ల చట్రము ప్రకటించిరి. ముప్పది గంటల అభ్యాసమునకు ఒక క్రెడిట్టు, సంవత్సరమునకు పండ్రెండు వందల గంటలు, నలుబది క్రెడిట్లు. పని అనుభవము పరీక్షింపబడినచో దానికిని తూకము వేయవచ్చునని అందు వ్రాసిరి. పరీక్షింపబడినచో అను మాటపైననే అంతయు ఆధారపడియున్నది. ఆ పరీక్ష పెట్టువారెవరు, ఎట్లు పెట్టుదురు అనునది ఆయా విద్యాసంస్థల చేతిలోనిది.

ఇదంతయు మా కోడలికి చెప్పగా, ఆమె ఊరకే విని, "మామయ్యా, నాకు మాఫీ చేయమని నేను అడగలేదు. పరీక్ష పెట్టండి అని అడగడం మరిచిపోయినాను" అన్నది. మేము ఇన్ని పుస్తకములు తిరుగవేసినదానికి ఆమె ఒక్కమాటలో మార్గము కనిపెట్టినది. ఇపుడు క్రొత్త అర్జీ సిద్ధమగుచున్నది. మా ఉత్తరము తీసివేసితిమి. దానికి మారుగా ఆమె దాఖలు చేసిన జి.ఎస్.టి. పత్రముల రసీదులు, ఆడిటరుగారి ధ్రువపత్రము, ఖాతాదారుల పేర్లు కప్పివేసిన ఒక సంవత్సరపు ఆవర్జా నకలు, ఏ పనికి ఎన్ని గంటలు పట్టునో ఆమె స్వయముగా వ్రాసిన నాలుగు పుటల వివరము చేర్చితిమి. చివర, "జమాఖర్చుల పేపరు మీరు చెప్పిన దినమున, మీరు చెప్పినచోట, తరగతికి ముందే వ్రాయుదును" అని ఒక వాక్యము. జవాబు ఏమి వచ్చునో తెలియదు. వచ్చువరకు ఊరకుండక ఆదివారపు తరగతులకు పోవుచున్నది. ఆ దినములందు కొట్టు లెక్క మేమే వ్రాయుచున్నాము. ఆమె సోమవారము దిద్దుచున్నది.

మన కుటుంబములలో ఎ.ఎం.ఐ.ఇ. గాని, విద్వాన్ గాని, ప్రైవేటు బి.ఏ. గాని పాసైన పెద్దల పాత హాలుటికెట్లు, అర్జీల నకళ్లు, ఆనాటి జవాబులు ఎవరివద్దనైన ఉన్నయెడల, రాత్రి ఎనిమిది గంటల తరువాత మా దుకాణమునకు తెచ్చి చూపగోరుచున్నాము. షట్టరు సగము దించియుండును, తట్టినచో తీయుదుము.