రాచకొండ నాయకులు: కత్తి వెనుక నాగలి

మర్రిగూడకు ఉత్తరాన రాచకొండ, దక్షిణాన దేవరకొండ. ఈ రెండు దుర్గాలనూ ఏలిన రేచర్ల పద్మనాయకులు మొదట రాజులు కారు, కాకతీయుల సేనానులు. నాయంకర పద్ధతిలో రాజు వారికి గ్రామాలిచ్చేవాడు. ఆ రాబడితో వారు రాజు కోసం సైన్యాన్ని పోషించాలి. అంటే సైనికుడి జీతం రైతు కట్టిన పన్నులోంచే వచ్చేదన్నమాట.

1323లో ఓరుగల్లు పతనమైంది. రాజు పోయాడు, భూమీ, సైన్యమూ నాయకుల చేతుల్లో మిగిలాయి. 1368 ప్రాంతంలో రేచర్ల అనపోతానాయకుడు ముసునూరి కాపయనాయకుణ్ణి యుద్ధంలో వధించి తెలంగాణలో ఆధిపత్యం సంపాదించాడు. దేవరకొండ అతని తమ్ముడు మాదానాయకుడి పాలైంది.

జపానులోనూ సేనానులే పాలకులయ్యారు. అయితే 1192లో షోగన్ అయిన మినమోతో యొరితొమో చక్రవర్తిని తొలగించలేదు. పీఠం ఆయనకు వదిలి, అధికారం తాను చేజిక్కించుకున్నాడు. ఇక్కడ పీఠమే కూలింది. రూపాలు వేరైనా పునాది ఒకటే: కత్తి పట్టినవాణ్ణి నాగలి పట్టినవాడు పోషించడం.

అనపోతుని కుమారుడు సింగభూపాలుడు ‘రసార్ణవసుధాకరం’ అనే లక్షణగ్రంథం రచించాడు. పాలకుడు రాశాడని దాన్ని తోసిపుచ్చనక్కరలేదు. కాని వీరరస లక్షణాలు వల్లించే విద్యార్థి, ఆ వీరుడికి కూడు పెట్టిందెవరని కూడా అడగాలి. ఆ ప్రశ్న లేని సాహిత్య చరిత్ర సగం చరిత్రే.