కంకర కుదురుకున్నాకే వేగం

2023 అక్టోబరు 29, ఆదివారం. రాత్రి ఏడు కావస్తోంది. విజయనగరం జిల్లా కంటకాపల్లి–అలమండ మధ్య విశాఖ–పలాస ప్యాసింజరును వెనక నుంచి వచ్చిన విశాఖ–రాయగడ ప్యాసింజరు ఢీకొట్టింది. బోగీలు పట్టాలు తప్పి ఒరిగిపోయాయి. చీకట్లో హాహాకారాలు. ఆ ప్రమాదంలో 14 నిండు ప్రాణాలు పోయాయి.

క్షతగాత్రులను తరలించాక భారీ క్రేన్లు రంగంలోకి దిగాయి. ఒరిగిన బోగీని లేపుతుంటే ఆ బరువుకు క్రేనే ముందుకు తూలిపోగలదు. తూలకుండా పట్టి ఉంచేవి దాని వెనక బిగించిన బరువైన ఇనుప దిమ్మలు. వాటిని కౌంటర్ వెయిట్ అంటారు.

శకలాలు తొలగించాక లైను బాగుచేసే గ్యాంగ్‌మన్ల వంతు. పట్టాల కింద అడ్డంగా పరిచే కాంక్రీటు స్లీపరు ఒక్కోటి పావు టన్ను పైమాటే. కిలోమీటరుకు 1,660 దాకా పరుస్తారు. ఇంత బరువున్నా ఎండకు పట్టా సాగబోయినప్పుడు లైను పక్కకు వంకర తిరిగే ప్రమాదం ఉంది. దాన్ని నిలబెట్టేది కంకర. స్లీపరు కింద దాదాపు అడుగు మందాన, మధ్య సందుల్లో, అంచుల వెంట పోస్తారు. రాయికి పదునైన అంచులుండాలి. అప్పుడే ఒకదాన్నొకటి కరిచిపట్టుకుంటాయి. ఏటి గుండ్రాళ్లు జారిపోతాయి కనుక పనికిరావు.

స్లీపరు కింద బోలు మిగిలితే చక్రం వెళ్లిన ప్రతిసారీ పట్టా కుంగి లేస్తుంది. అందుకే సందు లేకుండా రాళ్లు దట్టిస్తారు. దీన్నే ప్యాకింగ్ అంటారు. రాళ్లు దట్టించే ట్యాంపింగ్ మెషిన్ వచ్చే దాకా ఆ పని మనిషి రెక్కలదే. తర్వాత పట్టాల మధ్య దూరం, ఎత్తుపల్లాలు కొలిచి చూస్తారు.

మరునాడే ఆ దారిన బండ్లు కదిలాయి. అయితే కొత్తగా పోసిన కంకరకు వెంటనే పట్టు రాదు. బండ్ల బరువు పదేపదే పడి, రాళ్లు సర్దుకుని బిగుసుకోవాలి. అందుకే ఇలాంటి చోట డ్రైవరుకు కాషన్ ఆర్డర్, అంటే వేగం తగ్గించమనే ఆదేశం, ఇచ్చి మొదట నెమ్మదిగా నడుపుతారు; లైను కుదురుకునే కొద్దీ వేగం పెంచుతారు.

పోయిన 14 మందినీ ఏ మరమ్మతూ తిరిగి తేలేదు. ఇక మీదట వెళ్లేవాళ్లు క్షేమంగా ఇల్లు చేరడం మాత్రం ఆ ప్యాకింగ్ మీద కూడా ఆధారపడి ఉంది. అందుకే మరమ్మతు చేసిన చోట బండి నిదానిస్తే విసుక్కోవద్దు. ఎండలో, వానలో కంకర సర్దే ఆ చేతులకు మనం ఇవ్వగలిగిన కనీస గౌరవం అదే.