వెయ్యిలో అసలెంత?

నూటికి నెలకి ఐదు చొప్పున అప్పిస్తే ఏడాదికి అసలూ వడ్డీ కలిపి వెయ్యి అయ్యింది. ఏది ఎంత? ఇది బ్యాంకు పరీక్షల గైడులోది కాదండీ, భాస్కరాచార్యుడి లీలావతి (1150)లోది.

మనమైతే ఎక్సెల్‌లో 1000/1.6 అని కొట్టేస్తాం. ఆయనేమో వందని ఒక నెలతో గుణించి 100, ఐదుని పన్నెండు నెలలతో గుణించి 60, రెండూ కలిపి 160 అంటాడు. ఇక వెయ్యిని 100కీ 60కీ దామాషాలో పంచడమే. అసలు 625, వడ్డీ 375. కాదంటే ఇష్టకర్మ ఉంది. అసలు 1 అనుకోండి, ఏడాదికి 8/5 అవుతుంది, వెయ్యి వచ్చింది కాబట్టి అసలు 625. డమ్మీ ఇన్‌పుట్ ఇచ్చి, అవుట్‌పుట్ చూసి స్కేల్ చెయ్యడమన్నమాట.

నెలకి ఐదా, మరీ దారుణం అంటారా? కౌటిల్యుడి అర్థశాస్త్రంలో ధర్మమైన వడ్డీ నెలకి నూటికి పణంపావు. వర్తకులకి ఐదు, అడవుల్లో తిరిగేవాళ్ళకి పది, సముద్రం మీద పోయేవాళ్ళకి ఇరవై. రిస్కు ప్రైసింగ్ అప్పటికే ఉంది! అన్నట్టు, మన ఊళ్ళల్లో "రెండు రూపాయల వడ్డీ" అంటే ఇప్పటికీ నెలకి నూటికి రెండే. ఇన్ని శతాబ్దాలైనా యూనిట్ మారలేదు.

ఇహ అసలు సంగతి. వెయ్యిలోంచి 60 శాతం తీసేసి అసలు 400 అనేవాళ్ళు బోలెడుమంది. 400కి ఏడాది వడ్డీ 240, మొత్తం 640, వెయ్యి ఎక్కడయింది? పరీక్షలో అయితే మార్కులు పోతాయి. వడ్డీ ముందే కోసుకునేవాడికి మాత్రం ఇదే వ్యాపారం. నోటు వెయ్యికి రాయించుకుని 400 చేతిలో పెడతాడు. రేటు 60 శాతమేనంటాడు. 400 మీద 600 కట్టేవాడికి అది 150 శాతం.

2020లో హైదరాబాదు పోలీసులు కేసులు పెట్టిన లోన్ యాప్‌లదీ ఇలాంటి కోతే, పేరు మాత్రం ప్రాసెసింగ్ ఫీజు. ఆ కోడు రాసింది మనలాంటి ఇంజనీర్లే, గ్రహాంతరవాసులు కాదు. ఫీజులతో సహా ఏడాదికి ఎంత పడుతుందో అప్పిచ్చే ముందే చూపించాలని రిజర్వు బ్యాంకు డిజిటల్ అప్పులకి రూలు పెట్టింది 2022లో.