బాల, కౌమార మనోవైద్య ఫెలోషిప్ (అమెరికా)

బాల, కౌమార మనోవైద్య ఫెలోషిప్ అనేది సాధారణ మనోవైద్యంలో రెసిడెన్సీ (ఆసుపత్రి శిక్షణ) చేసిన వైద్యులకు, పిల్లల మానసిక రుగ్మతల నిర్ధారణ, చికిత్సల్లో అమెరికాలో ఇచ్చే రెండేళ్ల ప్రత్యేక శిక్షణ. దీని మూలాలు ఆసుపత్రి కన్నా న్యాయస్థానానికే దగ్గర. 1899లో షికాగోలో బాలల న్యాయస్థానం ఏర్పడింది. దాని ముందుకు వచ్చే పిల్లల్ని పరీక్షించేందుకు 1909లో వైద్యుడు విలియం హీలీ ఒక సంస్థ నడిపాడు. 1930లో జాన్స్ హాప్కిన్స్ ఆసుపత్రిలో మనోవైద్యుడు లియో కానర్ పిల్లల మనోవైద్య విభాగాన్ని నెలకొల్పాడు. ఈ ఉపశాఖకు విడిగా ధ్రువపత్ర పరీక్ష 1959లో మొదలైంది.

సాధారణ రెసిడెన్సీ నాలుగేళ్లు. మూడేళ్లు కాగానే ఫెలోషిప్‌లో చేరితే మొత్తం శిక్షణ ఐదేళ్లలో ముగుస్తుంది. పిల్లల వైద్యం, మనోవైద్యం, ఈ ఉపశాఖ మూడింటినీ కలిపి ఐదేళ్లలో నేర్పే ‘ట్రిపుల్ బోర్డ్’ మార్గం కూడా ఉంది.

శిక్షణలో అసలు బరువంతా పిల్లల్ని పరిశీలించడం మీదే. మాటలు సరిగా రాని చిన్నారిని నేలమీద బొమ్మల మధ్య కూర్చోబెట్టి, ఆట తీరు, చూపు, తల్లి గది దాటినప్పటి స్పందన గమనిస్తారు. కౌమారులతో విడిగా మాట్లాడతారు. తల్లిదండ్రుల కథనాన్ని, బడి నివేదికను పక్కపక్కన పెట్టి చూస్తారు. వేర్వేరు వయసుల పిల్లల్ని పరీక్షకుల ఎదుట పరీక్షించి నెగ్గాలి.

భారతదేశంలో బెంగళూరులోని మానసిక ఆరోగ్య సంస్థ నిమ్హాన్స్ ఇదే విభాగంలో ఎం.డి. తర్వాత మూడేళ్ల డి.ఎం. కోర్సు నిర్వహిస్తోంది.